ఎడమ పక్క చుక్కలు

గురువారం రాత్రికల్లా ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్‌గారు. సముద్రం అడుగున సరదాగా ఫొటోలు తీసేవాళ్ల గురించి. రంగురంగుల చేపల ఫొటోలు బోలెడు దొరికాయి. అయినా మూడు రోజులుగా నా కళ్లు మళ్లీ మళ్లీ ఒక్క ఫొటో మీదికే పోతున్నాయి. అందులో తల లేదు, తోక లేదు. నీలం కలిసిన బూడిదరంగు చర్మం, ఒక అంచున ఐదు మొప్పల చీలికలు, కింద ఈతరెక్క మొదలు, వీటి మధ్య చెదురుమదురుగా తెల్లచుక్కలు. వేల్ షార్క్ ఎడమ పక్క అది. ముఖచిత్రంగా అదే వేయమని అడిగాను.

మన వేలిముద్రల్లాంటివే ఆ చుక్కలు. ఏళ్లు గడిచినా అమరిక మారదు. వాటిని పోల్చే పద్ధతి మాత్రం ఆకాశం నుంచి దిగింది. నక్షత్ర పటాలను సరిపోల్చడానికి ఎడ్వర్డ్ గ్రోత్ 1986లో ఒక లెక్క కట్టారు. మూడేసి చుక్కలు కలిపి త్రిభుజాలు గీయాలి, అవే త్రిభుజాలు రెండో పటంలో ఉన్నాయేమో వెతకాలి. కంప్యూటర్ నిపుణుడు జేసన్ హోమ్‌బర్గ్‌కి డైవింగ్ సరదా. ఆయన, ఖగోళ శాస్త్రవేత్త జావెన్ అర్జుమానియన్, ఆస్ట్రేలియా జీవశాస్త్రవేత్త బ్రాడ్ నార్మన్ కలిసి ఆ లెక్కను ఈ చుక్కలకు వర్తింపజేసి 2005లో ప్రచురించారు. సెలవులకు వెళ్లి తీసుకున్న ఫొటో అయినా సరే, చోటూ తేదీ తోడైతే అదొక సాక్ష్యం. ఫలానా సొర బతికే ఉంది, ఫలానా చోటికి మళ్లీ వచ్చింది అని చెబుతుంది. దాని ఒంటికి ఏమీ గుచ్చకుండానే ఈ సంగతి తెలియడం నాకెంతో నచ్చింది.

2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికి రెండు టన్నుల వేల్ షార్క్ కొట్టుకొచ్చింది. మత్స్యకారులు, అటవీ సిబ్బంది కలిసి దాన్ని మళ్లీ లోతు నీళ్లలోకి పంపారు. దాని ఫొటోలను గుర్తింపు కోసం మాల్దీవుల పరిశోధకులకు పంపుతామని అధికారులు అప్పట్లో చెప్పారు. అదెప్పుడైనా ఏ డైవర్ కెమెరాకైనా చిక్కితే, మన తీరం దాటి వెళ్లిన సొర ఇదేనని పోల్చుకునే దారి ఉంది.

నీటి అడుగు ఫొటోల చరిత్ర నాలుగు ముక్కల్లో: 1856లో ఇంగ్లండ్‌లో విలియం థాంప్సన్ కెమెరాను నీళ్లలోకి దింపాడు. 1893లో ఫ్రాన్స్‌లో లూయీ బూటాన్ కెమెరాతో తానే దిగాడు. 1926లో ఫ్లోరిడా దగ్గర లాంగ్లీ, మార్టిన్ నీటి అడుగున రంగుల్లో ఫొటో తీశారు.

కెమెరాతో దిగేవాళ్లకు

నీటిలో అన్నిటికన్నా ముందు మాయమయ్యేది ఎరుపు. కాస్త లోతుకు వెళ్తే ఎర్రచేప కూడా బూడిదరంగులో కనిపిస్తుంది. రంగు కావాలంటే దగ్గరికి వెళ్లి లైటు వేయాలి. వేల్ షార్క్ దగ్గర మాత్రం ఆ పని వద్దు. ఆస్ట్రేలియాలోని నింగలూలో ఫ్లాష్ నిషేధం. దాని తల, ఒంటికి 3 మీటర్లు, తోకకు 4 మీటర్లు ఎడంగా ఉండాలి.

కదలకుండా తేలడం వచ్చాకే కెమెరా పట్టుకోండి. లేదంటే కాళ్ల ఫిన్స్ తగిలి పగడాలు విరుగుతాయి.

చుక్కలు పోల్చేవాళ్లు ముందుగా అడిగేది ఎడమ పక్క, మొప్పల వెనక భాగం. వీలైతే కుడి పక్క కూడా తీయండి. రెండు పక్కల చుక్కలూ ఒకేలా ఉండవు.