టెస్ట్ పీసు అంటే ఏమిటి? బ్యాండు పిల్లలకు, వారి తల్లిదండ్రులకు

 

మన బడి బ్యాండు పిల్లలు సాయంత్రం పూట మైదానంలో ఒకటే పాట మళ్ళీ మళ్ళీ వాయించడం విని, "ఇంకొకటి నేర్పించరాదా సార్?" అని కొందరు అడుగుతున్నారు. "మావాడికి పెద్ద పాత్ర ఏమీ లేదు, నాలుగు స్వరాలకోసం చదువు చెడగొట్టుకోవాలా?" అనేవాళ్ళూ ఉన్నారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. జవాబు తెలియాలంటే బ్యాండు పోటీలు ఎట్లా జరుగుతాయో కొంచెం తెలుసుకోవాలి.

పేరున్న ఇత్తడి బ్యాండు పోటీల్లో, పాల్గొనే బ్యాండ్లన్నిటికీ ముందుగానే ఒకే స్వరరచన ఇస్తారు. దాన్నే టెస్ట్ పీసు అంటారు. ఎస్.ఎస్.ఎల్.సి.లో మాలూరు పిల్లలకూ బెంగళూరు పిల్లలకూ ఒకటే లెక్కల పేపరు వస్తుంది కదా, ఇదీ అట్లాంటిదే. కాకపోతే ఇక్కడ ప్రశ్నాపత్రం ముందే చేతికి వస్తుంది. తెలిసిన ప్రశ్నకు ఎంత శుద్ధంగా జవాబు చెప్తారన్నదే పరీక్ష.

ఈ పద్ధతి ఇంగ్లండులో పెరిగింది. 1853లో మాంచెస్టరులోని బెల్ వ్యూ తోటల్లో పోటీ పెట్టినప్పుడు ఎవరి పాట వాళ్ళే ఎంచుకున్నారు. ఒకరు సులువైనదీ ఒకరు కష్టమైనదీ వాయిస్తే ఎవరు మేలని తేల్చడం ఎట్లా? 1855లో అక్కడే అందరికీ ఒకే రచన ఇచ్చారు. తర్వాత చాలా ఏళ్ళు ఒపేరా నాటకాల సంగీతాన్నే బ్యాండ్లకు సరిపడేట్టు మార్చి వాడుకున్నారు. 1913లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ పోటీకి పెర్సీ ఫ్లెచర్ 'లేబర్ అండ్ లవ్' అనే రచనను బ్యాండు కోసమే కొత్తగా రాసిచ్చారు. 1928లో గుస్టావ్ హోల్స్ట్, 1930లో ఎడ్వర్డ్ ఎల్గర్ వంటి పెద్దలూ రాశారు. హోల్స్ట్ లండన్‌లో ఒక ఆడపిల్లల బడిలో సంగీతం మేష్టరు. అంతకుముందు ట్రాంబోన్ వాయించి బతికినవారు.

ఆ బ్యాండ్లలో వాయించినవాళ్ళు ఎక్కువమంది మిల్లు కూలీలు, గని కార్మికులు. మన జిల్లాకూ ఇక్కడొక చుట్టరికం ఉంది. 1880 నుంచి కె.జి.ఎఫ్.లో బంగారం తవ్వించిన జాన్ టేలర్ కంపెనీ, ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి గనిపని తెలిసినవాళ్ళను రప్పించింది. ఆ కార్న్‌వాల్‌లోనే బ్యూగుల్ అనే ఊళ్ళో 1912లో బ్యాండు పోటీలు మొదలయ్యాయి. పగలంతా చేతులు కాయలు కాచే పనిచేసి, సాయంత్రం స్వరాలు సాధన చేసిన మనుషులు వాళ్ళు.

ఇంతకీ టెస్ట్ పీసులో ఏం పరీక్షిస్తారు? హోల్స్ట్ రాసిన 'ఎ మూర్‌సైడ్ స్వీట్' చూడండి (పిల్లలూ, ఈ స్వీట్ మిఠాయి కాదు, కొన్ని భాగాలను వరసగా కూర్చిన రచన). ఇందులో మూడు భాగాలు. మొదటిది వేగంగా నడుస్తుంది. అందరి నాలుకా వేళ్ళూ ఒకేసారి కదలాలి. రెండోది నెమ్మది. మూడోది మార్చ్, అంటే కవాతు నడక. అప్పటికి పెదాలు అలసిపోయి ఉంటాయి, అయినా నాదం తగ్గకూడదు.

వినేవాళ్ళకు వేగమైన భాగమే కష్టమనిపిస్తుంది. వాయించేవాళ్ళను అడిగితే నెమ్మదైనదే అంటారు. కార్నెట్‌కు ఉన్నవి మూడే మీటలు. మిగతా స్వరాలన్నీ పెదవి బిగువుతో, ఊపిరితో తేవాలి. పైగా ఇత్తడి చల్లగా ఉంటే శ్రుతి దిగుతుంది, వేడెక్కితే పెరుగుతుంది. గట్టిగా ఊదేటప్పుడు కొంచెం తప్పు కలిసిపోవచ్చు గానీ, మెల్లగా ఊదేటప్పుడు ఒక్కరి శ్రుతి జారినా అందరికీ వినిపిస్తుంది.

ఇక రెండో ప్రశ్న. మంచి టెస్ట్ పీసు రాసేవారు రాగాన్నంతా ముందువరస కార్నెట్లకే ఇచ్చెయ్యరు. కాసేపు హార్న్‌కు, కాసేపు యూఫోనియంకు, ఒక్కోసారి అందరికన్నా కింద మోగే బాస్‌కూ పని పెడతారు. పాతిక మంది దాకా వాయించేచోట వెనకవరస పిల్లవాడు కూడా ఎక్కడో ఒకచోట ఒంటరిగా బయటపడతాడు. పెద్ద పోటీల్లో న్యాయనిర్ణేతను తెర వెనకో, మూసిన గుడారంలోనో కూర్చోబెడతారు. వాయించేది ఏ బ్యాండో ఆయనకు తెలియదు. యూనిఫారం మెరుపు కనపడదు. ఆయన చేతిలో స్వరాల ప్రతి ఉంటుంది. ఎవరి స్వరం రాకపోయినా అక్కడ ఖాళీ తెలిసిపోతుంది. అందుకే "నాలుగు స్వరాలే కదా" అనుకోవద్దు. ఆ నాలుగూ వాయించడానికి మీవాడు తప్ప ఇంకొకరు లేరు.

మన దేశంలోనూ గణతంత్ర దినోత్సవాల సందర్భంగా బడి బ్యాండ్లకు జాతీయస్థాయి పోటీ జరుగుతోంది. ఇత్తడి బ్యాండ్లకు, పైప్ బ్యాండ్లకు వేరుగా, అబ్బాయిలకు, అమ్మాయిలకు వేరుగా పెడతారు. ఆఖరి పోటీ ఢిల్లీలో. అక్కడిదాకా పోయినా పోకపోయినా, పాట మనమే ఎంచుకోవలసి వచ్చినప్పుడు ఈ కొలతలే పెట్టుకుందాం. వినడానికి గొప్పగా ఉండి సగం మందికి చేతకాని పాటకన్నా, అందరూ శ్రుతిలో వాయించగల చిన్న మార్చ్ మేలు. దానిలో ఒక నెమ్మది భాగం ఉంటే ఇంకా మంచిది.

తల్లిదండ్రులకు మనవి:

సాధన రోజుల్లో పిల్లల్ని మధ్యలో పిలుచుకుపోవద్దు. తప్పనిసరైతే ఒకరోజు ముందు చెప్పండి, ఆ రోజు వేరే భాగం చేయిస్తాం.

పదో తరగతి పిల్లలకు ప్రిపరేటరీ పరీక్షల వారంలో సాధన ఉండదు. మిగతా రోజుల్లో ఏడు గంటలకల్లా ఇంటికి పంపుతాం. చదువుకు అడ్డం వస్తోందని అనిపిస్తే పిల్లవాణ్ణి మాన్పించకముందు నాతో ఒకమాట మాట్లాడండి.

పిల్లలూ, రోజూ మొదటి పది నిమిషాలు నిడివి స్వరాలు ఊది వాద్యాన్ని వేడి చేసుకున్నాకే పాట మొదలుపెట్టండి. పక్కవాడి స్వరం వినపడకపోతే మీరు గట్టిగా ఊదుతున్నట్టు లెక్క.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు