మెతొడిస్టు సంఘమున బాప్తిస్మము



కోనసీమలో బాప్తిస్మమనగానే మనుష్యుని కాలువలోనో గోదావరిలోనో పూర్తిగా ముంచి లేవనెత్తుట పలువురకు స్ఫురించును. 1836లో ఇంగ్లాండునుండి వచ్చిన విలియం బౌడెను, జార్జి బీరు అను బోధకుల వలన నరసాపురము కేంద్రముగా వ్యాపించిన సహోదర సంఘముల పద్ధతి యిదియే. విశ్వాసమును తన నోట ఒప్పుకొన్నవానికే వారు బాప్తిస్మ మిత్తురు. మెతొడిస్టులో, శిశువులకును ఇత్తురు. తలపై నీరు చిలుకరించినను చాలునందురు.

వికారాబాదు మెతొడిస్టు కుటుంబపు కన్య యొకతె ఐ.పోలవరమునకు కోడలై వచ్చిన దనుకొందము. "చిన్ననాటి చిలుకరింపు చెల్లునా? మరల మునుగవలెనా?" అను ప్రశ్న పుట్టును. అది పెద్దల యరుగుమీదికి రాకమానదు. కావున మెతొడిస్టుల యభిప్రాయము నెరుగుట మేలు.

బాప్తిస్మము గ్రీకుపదమునుండి వచ్చినది. ముంచుట, కడుగుట అని దాని కర్థములు. రోమను కథోలికులు దీనినే జ్ఞానస్నాన మందురు. మెతొడిస్టుల దృష్టిలో నీరు బాహ్యచిహ్నము, దైవానుగ్రహము అంతరార్థము. బిడ్డ "అమ్మా" యని పిలువ నేర్వకముందే తల్లి పాలిచ్చును గదా! అట్లే మనుష్యుని విశ్వాసముకంటె దేవుని కృప ముందు నడచునని వారి సిద్ధాంతము. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయమున లూదియయు, చెరసాల నాయకుడును ఇంటివారితో కూడ బాప్తిస్మము పొందిరని చూపుదురు. ఆ యిండ్లలో శిశువులుండిరని గ్రంథము చెప్పలేదని యెదుటిపక్షమువారి సమాధానము.

ఈ కర్మ సాధారణముగా ఆరాధనలో సంఘము నెదుట జరుగును. బిడ్డను భక్తిమార్గమున పెంచెదమని తలిదండ్రులు మాట యిత్తురు. తోడ్పడెదమని సంఘమును మాట యిచ్చును. పాదిరిగారు బిడ్డను పేరుపెట్టి పిలిచి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమున నీరు చిలుకరింతురు. పోయుటయు, ముంచుటయు గూడ వారికి సమ్మతమే. బిడ్డ పెరిగి, ఉపదేశము పొంది, విశ్వాసమును స్వయముగా ఒప్పుకొన్నపుడు పూర్ణసభ్యత్వము కలుగును.

అంతమాత్రమున శైశవ బాప్తిస్మముతోనే సర్వము ముగియునని వారనరు. మెతొడిస్టు మార్గమునకు మూలపురుషుడగు జాన్ వెస్లీ (1703–1791) శైశవముననే బాప్తిస్మము పొందెను. దృఢవిశ్వాసము మాత్రము 1738 మే 24న లండనులో కలిగెను. అయినను ఆయన మరల బాప్తిస్మము పొందలేదు. ఇచ్చిన మాట దేవుడు తప్పడు గనుక ఆ చిహ్నమును రెండవమారు చేయ నక్కరలేదని మెతొడిస్టుల నిర్ణయము. 1947లో దక్షిణ ఇండియా సంఘమున చేరిన మెదకు వెస్లియను శాఖ గాని, 1981నుండి భారత మెతొడిస్టు సంఘమను పేర నడచుచున్న శాఖ గాని యీ నియమమునే పాటించును.

శైశవమున జరిగినది బాప్తిస్మమే కాదనువారికి, పిదప ఇచ్చునదే మొదటిది, రెండవది కాదు. భేద మిచ్చటనే యున్నది. కావున ఆ కోడలు మునుగుటయా, మానుటయా యనునది ఆమె యంతఃకరణమునకు వదలవలసిన విషయము. వివాహమునకు షరతుగా పెట్టి, ఆమె సమ్మతి లేక చేయించినచో, ఏ పక్షమువారి సిద్ధాంతము ప్రకారమును అది ధర్మము కానేరదు.