అమ్మ వంటల పుస్తకానికి ఇంటర్నెట్లో సొంత ఇల్లు

మీ ఇంట్లో కూడా ఓ పాత లాంగ్ నోటుబుక్ ఉండే ఉంటుంది. అట్ట ఊడిపోయి, పసుపు మరకలు పడి, మధ్య మధ్య పాల లెక్కలు, ఇస్త్రీ పద్దులతో. అందులో అమ్మ రాసుకున్న వంటలు. సికింద్రాబాద్ ఇళ్ళల్లో ఈ పుస్తకాలు మరీ కలగాపులగంగా ఉంటాయి. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఇక్కడ కేంద్రంగా ఏర్పడ్డాక ఎక్కడెక్కడి వాళ్ళో బదిలీల మీద వచ్చి పక్క పక్క క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. కంటోన్మెంటు సంగతి సరేసరి. అందుకే సకినాలు, సర్వపిండి రాసిన పేజీ వెనకే పక్కింటి మామి చెప్పిన వత్తకుళంబు కనిపిస్తుంది.

పుస్తకం ఒకటే, ఆడపిల్లలు ముగ్గురు అనుకోండి. ఒకరు బోయినపల్లిలో, ఒకరు పుణేలో, ఒకరు డల్లాస్‌లో. ఎవరు పట్టుకెళ్ళాలి?

ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపేస్తే పోదా అంటారేమో! పంపండి, వద్దనం. మూడు నెలలయ్యాక గోంగూర పచ్చడి కొలత కావాలంటే, గుడ్ మార్నింగ్ గులాబీల మధ్య దాన్ని వెతుక్కునే ఓపిక ఉండాలి మరి. పోనీ ఎవరో ఉచితంగా ఇచ్చిన చోట రాసుకుందామా? జియోసిటీస్‌ను అమెరికాలో 2009లో మూసేశారు. ఆర్కుట్ 2014లో పోయింది, గూగుల్ ప్లస్ 2019లో, యాహూ గ్రూప్స్ 2020లో. అద్దె ఇంటి గోడకు మేకులు కొట్టి పటాలు తగిలించుకున్నట్టే ఇదంతా. ఖాళీ చెయ్యమన్నప్పుడు తీసుకెళ్ళగలిగినంతే మనది.

సొంత సైటు కట్టుకోవాలంటే ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవాలేమోనని భయపడకండి. జనరల్ బజారుకెళ్ళి బ్లౌజు పీసు, లైనింగు, లేసు, హుక్కులు కొనుక్కొస్తాం. హుక్కులు మనం తయారుచెయ్యం కదా! సైటుకీ అలాంటి దుకాణాలున్నాయి. వాటిని వెబ్ కాంపొనెంట్ లైబ్రరీలంటారు. వంటకం పేరు, బొమ్మ పట్టే కార్డు, నొక్కితే తెరుచుకునే పెట్టె, నక్షత్రాల రేటింగు, బటన్లు, అన్నీ కుట్టి సిద్ధంగా ఉంచిన ముక్కలు. చాలామంది వాడిన వాటిలో షూలేస్ ఒకటి. దాని తర్వాతి రూపం వెబ్ ఆసమ్. ఉచితంగా దొరికే ముక్కలే మన పనికి బోలెడు.

ఇలాంటి ముక్కలు ఇదివరకూ ఉండేవి గానీ, చాలావాటికి ఎవరి పద్ధతి వాళ్ళది. ఒకరి గిన్నెకు ఇంకొకరి మూత పట్టేది కాదు. వెబ్ కాంపొనెంట్లు బ్రౌజరుకే నేరుగా అర్థమయ్యే ఉమ్మడి పద్ధతిలో ఉంటాయి. ఫైర్‌ఫాక్స్ వీటిని 2018లో, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ 2020లో అందుకున్నాయి. క్రోమ్, సఫారీ అంతకు ముందే అందుకున్నాయి కాబట్టి ఇప్పుడు మామూలు ఫోను బ్రౌజర్లన్నిట్లోనూ పనిచేస్తాయి.

ఇవి పనిచేసే తీరు మన టిఫిన్ క్యారియర్ లాంటిదే. ఏ గిన్నె దానిదే. సాంబారు పెరుగన్నంలోకి కారదు. ఒక ముక్క లోపలి రంగులూ సోకులూ బయటకు చిందవు, బయటివి లోపలికి చొరబడవు. దీన్ని షాడో డామ్ అంటారు. మరి మన వంటకం అందులోకి ఎలా వెళ్తుంది? అందుకోసం ముక్కలో ఖాళీ గూడు వదులుతారు, దాని పేరు స్లాట్. పోపుల పెట్టెలో గిన్నెలు కంపెనీవి, ఆవాలు జీలకర్ర మనవి అన్నట్టు.

ఇక మన ముచ్చట్ల సంగతి. టైలరు దగ్గర మెడ ఎంత, చేతులెంత అని చెప్పినట్టే, ఈ ముక్కలకూ కొలతలు చెప్పొచ్చు. రంగు, మూలల గుండ్రం, అక్షరాల సైజు లాంటివాటికి తయారుచేసినవాళ్ళు కొన్ని పేర్లు పెట్టి ఉంచుతారు. అవి సీఎస్ఎస్ వేరియబుల్స్. ఒకే చోట ముఖ్యమైన రంగు మామిడాకు పచ్చ అని రాస్తే సైటులో ఉన్న బటన్లన్నీ ఆ రంగులోకి మారతాయి. వాళ్ళు వదలని చోట మాత్రం మార్చడం కుదరదు. ఎంచుకునే ముందే ఏవి మార్చనిస్తారో చూసుకోండి. మార్చడానికి వీల్లేని లైబ్రరీ ఎంత అందంగా ఉన్నా మనకు పనికిరాదని మా అభిప్రాయం.

ఎందుకంటే వీటిలో చాలావాటిని ఇంగ్లీషు అక్షరాలు చూసుకుని తయారుచేశారు. మనకి కింద వత్తులూ పైన గుడులూ! వరసల మధ్య ఎడం అలాగే వదిలేస్తే ‘వస్త్రం’, ‘లక్ష్మి’ లాంటి మాటల వత్తులు కింది వరస నెత్తినెక్కుతాయి. వరస ఎత్తు అక్షరం సైజుకు 1.7 రెట్లు పెట్టి చూడండి, హాయిగా ఉంటుంది. సాధారణంగా ఈ కొలతా, ఫాంటూ షాడో డామ్ గోడ దాటి లోపలికి కూడా వెళ్తాయి. సూరన్న, తిమ్మన, మండలి, ధూర్జటి లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పేజీ మొదట్లో భాష తెలుగు అని ప్రకటించడం మరవకండి. చూపు తగ్గిన అత్తగారికి ఫోను చదివి వినిపించేటప్పుడు అది ఏ భాషో తెలియాలిగా.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇప్పుడు చెప్తాం. వంటకం మొత్తాన్ని స్లాట్‌లోనే, మామూలు రాతగా పెట్టండి. ముక్కకు ఇచ్చే కొలతల్లో ఇరికించకండి. ఏం తేడా అంటే, రేపు ఆ లైబ్రరీ పోయినా, నెట్ సరిగా రాక అది దిగకపోయినా, స్లాట్‌లో ఉన్న రాత పేజీలో అలాగే కనిపిస్తుంది. సోకు పోతుంది, పులుసు కొలత మిగులుతుంది. కొలతల్లో ఇరికిస్తే ఖాళీ పేజీ చూడాల్సి వస్తుంది. లైబ్రరీ ఫైళ్ళను కూడా దింపుకుని మీ ఫోల్డర్లోనే ఉంచుకుంటే ఇంకా నిశ్చింత.

రాత యూనికోడ్‌లో ఉండాలి సుమా. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. అయినా చాలాకాలం ఎవరి సొంత ఫాంటులో వాళ్ళు రాసుకున్నారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అదంతా పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. ఇప్పుడైతే ఫోను కీబోర్డు చాలు, కంప్యూటర్లో లేఖిని ఉంది.

తయారైన ఫోల్డర్ని గిట్‌హబ్ పేజెస్‌లో ఖర్చు లేకుండా పెట్టొచ్చు. ఇదీ ఒకరిచ్చిన చోటే కదా అంటారా? నిజమే, అయితే ఫోల్డరు మీ దగ్గరుంటుంది. ఇంకో కాపీ పెన్‌డ్రైవులో వేసి బీరువాలో ఉంచండి. ఈ చోటు పోతే మరో చోట దించుకోవచ్చు.

మొదట ఒక్క వంటకంతో మొదలుపెట్టండి. అమ్మ సోలెడు, గిద్దెడు అని రాసి ఉంటే ఆ మాటలు మార్చకండి. ఇంట్లో సోల, గిద్ద ఉంటే వాటితోనే కొలిచి, తూచి, గ్రాములు పక్కన రాయండి. ‘తగినంత’ అని ఉన్న చోట ఎంతో అమ్మనే అడగండి, నవ్వుతుంది గానీ చెప్తుంది. అడుగున నొక్కితే తెరుచుకునే పెట్టె ఒకటి పెట్టి, అందులో ఆ పేజీ ఫోటో ఉంచండి, పసుపు మరకతో సహా.