రాత్రి నిద్రకు ఉదయపు వెలుగు

పది గంటలకే పడుకున్నా అర్ధరాత్రి దాకా కునుకు పట్టడం లేదని, తెల్లవారాక లేవబుద్ధి కావడం లేదని చెప్పేవారు ముంబయి నగరంలో ఎందరో ఉన్నారు. ఇందుకు ఉక్కపోతను, దోమలను, రైళ్ల రొదను, మనసులోని దిగులును కారణాలుగా చెప్పుకుంటాం. అవన్నీ నిజమే. అయితే మనం అంతగా గమనించని కారణం మరొకటి ఉన్నది. నిద్ర లేచిన తొలి గంటలలో కంటికి తగినంత పగటి వెలుగు అందకపోతే, ఆ రాత్రి నిద్ర వేళకు రావడం కష్టమవుతుంది.

శరీరంలోని గడియారం

కాలాన్ని లెక్కించే ఏర్పాటు ఒకటి జీవులలోనే ఉన్నది. దీనిని జీవగడియారం అంటారు. 1729లో ద మేరాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అత్తిపత్తి మొక్కను చీకటిలో ఉంచి పరిశీలించారు. ఎండ సోకకపోయినా దాని ఆకులు పగలు విచ్చుకొని, రాత్రి ముడుచుకున్నాయి. పండ్ల ఈగలలో ఈ గడియారం పనిచేసే తీరును కనుగొన్న జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

మనిషి మెదడులో రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు కలుసుకునే చోటికి కాస్త పైన, సుమారు 20,000 నాడీకణాల చిన్న గుంపుగా ఈ గడియారం ఉంటుంది. చాలామందిలో దీని లెక్క ప్రకారం ఒక రోజు అంటే 24 గంటల కంటె కొన్ని నిమిషాలు ఎక్కువ. సరిదిద్దకుండా వదిలేస్తే ఇది దినదినమూ కొంచెం వెనుకబడుతుంది. నిద్రవేళ కూడా దానితోపాటే జరిగిపోతుంది.

దానిని సరిదిద్దేది ముఖ్యంగా వెలుగే. చుట్టూ వెలుగు ఎంతున్నదో మెదడుకు తెలియజేసేందుకు కంటిలోపలి పొరలో ప్రత్యేకమైన కణాలు ఉన్నాయి. ఉదయం వాటికి వెలుగు తగిలితే గడియారం ముందుకు జరుగుతుంది. రాత్రి పొద్దుపోయాక తగిలితే వెనక్కు జరుగుతుంది. నిద్రవేళ దగ్గరపడుతుండగా మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేసి శరీరాన్ని విశ్రాంతికి సిద్ధం చేస్తుంది. ఉదయపు వెలుగు ఈ పని సకాలంలో మొదలయ్యేందుకు తోడ్పడుతుంది. పగటిపూట చురుకుదనం, ఉల్లాసం కూడా దీనివల్ల మెరుగుపడతాయి.

ఇంటి దీపం ఎందుకు చాలదు?

వెలుగును లక్స్ అనే ప్రమాణంతో కొలుస్తారు. ట్యూబులైటు వెలిగించిన గదిలో సాధారణంగా 100 నుంచి 300 లక్స్ వెలుగు ఉంటుంది. ఎండకాసే పగటివేళ ఆరుబయట, నీడపట్టున నిలబడినా వేల లక్స్ ఉంటుంది. నడినెత్తి ఎండలో అది లక్ష దాకా చేరుతుంది. మబ్బు పట్టిన వానాకాలపు పగలు సైతం గదికంటె బయటే ఎన్నో రెట్లు వెలుగు. కన్ను తనను తాను సర్దుకుంటుంది కనుక ఈ తేడా మనకు తెలియదు. ఇరుకు సందులలోనూ, చాళ్లలోని లోపలి గదులలోనూ నివసించేవారికి ఇది మరింత ముఖ్యమైన విషయం.

మన ఊళ్ల నుంచి వచ్చినవారు తెలుసుకోవలసినది ఇంకొకటి ఉన్నది. దేశమంతటా గోడగడియారం ఒకటే అయినా సూర్యోదయం ఒకటి కాదు. ముంబయిలో సూర్యుడు హైదరాబాదు కంటె సుమారు 20 నిమిషాలు, శ్రీకాకుళం కంటె సుమారు ముప్పావు గంట ఆలస్యంగా ఉదయిస్తాడు. జనవరిలో ఇక్కడ ఏడు దాటితేగాని పొద్దు పొడవదు. ఆ రోజులలో ఆరింటికే లోకల్ రైలెక్కి, ఆపైన రోజంతా దీపాల కింద పనిచేసేవారికి ఉదయపు వెలుగు దాదాపు అందదు.

ఏం చేయాలి?

లేచిన గంటలోపు, లేదా పొద్దు పొడవగానే, ఇరవై ముప్పై నిమిషాలు ఆరుబయట గడపండి. ఇందుకు వేరే సమయం కేటాయించనవసరం లేదు. మేడపైన పళ్లు తోముకోవచ్చు, నీళ్లు పట్టే వరుసలో నిలబడవచ్చు, పిల్లలను బడికి నడిపించవచ్చు, ఒక స్టాపు ముందే బస్సు దిగవచ్చు. ఎండలోనే నిలబడాలన్న నియమం లేదు. ఆకాశం కనబడితే చాలు. సూర్యుని వైపు నేరుగా మాత్రం ఎప్పుడూ చూడరాదు, కంటికి హాని కలుగుతుంది. రాత్రి పడుకోబోయే ముందు గంటసేపు దీపాలు తగ్గించి, ఫోను పక్కన పెట్టండి.

విటమిన్ డి సంగతి వేరు. అది చర్మానికి తగిలే ఎండవల్ల తయారవుతుంది. లేత ఎండలో అందుకు కావలసిన కిరణాలు చాలా తక్కువ. నిద్రకు మేలు చేసే వెలుగు కంటి ద్వారా పనిచేస్తుంది.

భివండీ మరమగ్గాలలోనో, ఆసుపత్రులలోనో, కాపలా పనులలోనో రాత్రి పనిచేసి ఉదయం ఇల్లు చేరేవారికి ఈ సూత్రం తిరగబడుతుంది. వారు ఇంటికి వచ్చేటప్పుడు వెలుగును వీలైనంత తగ్గించుకోవాలి. టోపీ లేదా నల్లకళ్లద్దాలు ధరించి, ఇంటికి చేరగానే కిటికీకి మందపాటి గుడ్డ కట్టి పడుకోవాలి. వెలుగులోకి లేచిన తరువాతే వెళ్లాలి. నిద్రమత్తులో బండి నడపకూడదు.

వారానికి మూడు రాత్రులైనా నిద్ర పట్టని స్థితి మూడు నెలలు సాగినా, పెద్ద గురకతో నిద్రలో ఊపిరి ఆగుతున్నట్లు అనిపించినా, వైద్యునికి చూపించుకోవాలి. మందుల దుకాణంలో అడిగి నిద్రమాత్రలు కొనుక్కోవడం ప్రమాదకరం.

ఊరి నుంచి మనం వెంట తెచ్చుకున్న తల్లిదండ్రుల విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. అక్కడ తెల్లవారగానే అరుగు మీదనో, పెరట్లోనో ఉండేవారు. ఇక్కడ నాలుగో అంతస్తులోని గదిలో పగలంతా టీవీ ముందు కునికిపాట్లు పడుతూ, రాత్రంతా మేలుకొని ఉంటున్నారు. దానిని వయసు మీద నెట్టివేయకండి. మెట్లు దిగలేనివారికి వరండాలో, లేదా తెరచిన కిటికీ దగ్గర, ప్రతి ఉదయం ఒక కుర్చీ వేయండి. దిగగలిగినవారిని చేయి పట్టుకొని కిందికి తీసుకువెళ్లండి.