మనాదికి మందు... తెర మీద పాఠం!

'కాళ్లూ చేతులూ గుంజుతున్నాయి సార్... రాత్రంతా నిద్ర పట్టదు... గుండె దడ.'

ఆదోని పత్తి మార్కెట్లో మూటలు మోసే హమాలీ అయినా, ఎమ్మిగనూరులో మగ్గం నేసే కార్మికుడైనా డాక్టరు ముందు కూర్చుని చెప్పేది ఇలాంటి బాధలే. మనసు బాగాలేదని నోరు తెరిచి చెప్పేవాళ్లు తక్కువ. ఇంట్లోవాళ్లు మాత్రం 'మనాది పెట్టుకున్నాడు' అని పసిగడతారు. ఒంటినొప్పుల చాటునున్న ఆ మనాదిని పట్టుకోవడమే మానసిక వైద్యుడు నేర్వాల్సిన అసలు విద్య. ఇప్పుడా విద్య కంప్యూటర్ తెర మీదికొచ్చింది.

లక్షకు ఒక్కరైనా లేరు!

దేశంలో పెద్దవాళ్లలో నూటికి దాదాపు 11 మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని 2015-16 జాతీయ సర్వే తేల్చింది. వైద్యం అందనివాళ్లు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం. లక్ష జనాభాకు ముగ్గురు సైకియాట్రిస్టులు ఉండాల్సిన చోట సగటున 0.75 మందే ఉన్నారని 2023లో పార్లమెంటరీ స్థాయీ సంఘం చెప్పింది. ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్లు చదివితేగానీ ఒక సైకియాట్రిస్టు తయారు కాడు. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి దాదాపు వంద కిలోమీటర్లు. వెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే. సుగ్గికి వలసపోయే కుటుంబమైతే మొదలుపెట్టిన మందులు మధ్యలోనే ఆగిపోయే ప్రమాదం.

ఓపీలోనే క్లాసు

మరి దారేమిటి? రోగి కదల్లేకపోతే విద్యే కదలాలి. అమెరికాలోని న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో 'ప్రాజెక్ట్ ఎకో' మొదలుపెట్టారు. మారుమూల డాక్టర్లు వీడియోలో తమ కేసులు వివరిస్తే నిపుణులు పాఠం చెబుతారు. బెంగళూరు నిమ్‌హాన్స్ అదే బాట పట్టి, 2018లో డిజిటల్ అకాడమీ తెరిచింది. కర్ణాటకలో ఇంకో అడుగు ముందుకేసి, పీహెచ్‌సీ డాక్టరు రోగిని చూస్తుండగానే సైకియాట్రిస్టు వీడియోలో పక్కనుండి నేర్పించే పద్ధతి తెచ్చింది. మన పశ్చిమ గోదావరి పల్లెల్లోనూ 2010 దశకంలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఆశా కార్యకర్తలకు, పీహెచ్‌సీ డాక్టర్లకు ట్యాబ్‌లతో శిక్షణనిచ్చింది. ఆశా అడిగిన ప్రశ్నల జవాబుల్ని బట్టి, ఏం చేయాలో ట్యాబే డాక్టరుకు సూచించేది.

నిపుణులకూ కొత్త పాఠాలు

2020లో టెలీ సైకియాట్రీ మార్గదర్శకాలు వచ్చాయి. దాంతో కాబోయే సైకియాట్రిస్టులూ తెర మీద రోగిని చూడటం నేర్చుకోవాల్సి వచ్చింది. అవతల గదిలో ఇంకెవరున్నారో అడగాలి. మాట మధ్యలో వచ్చే మౌనాన్ని వినాలి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన కనబడితే వెంటనే దగ్గరివాళ్లను అప్రమత్తం చేయాలి.

కానీ తెరకు అందనివీ ఉన్నాయి. టేబుల్ కింద వణికే చేతులు కెమెరాకు కనబడవు. సారా వాసన రాదు. అత్త పక్కనుంటే కోడలు నోరు విప్పదు. పైగా ఈ ప్రాంతపు మాటలో తెలుగుతో పాటు కన్నడం, ఉర్దూ కలగలిసి ఉంటాయి. కొన్ని దేశాల్లో కృత్రిమ మేధతో తయారైన 'రోగి'ని ప్రశ్నిస్తూ విద్యార్థులు సాధన చేస్తున్నారు. బాగానే ఉంది. కానీ 'మనాది' అన్న మాట వెనక అప్పుందో, ఎండిన చేనుందో, ఊరొదిలిన కొడుకున్నాడో ఆ పాఠం చెప్పదు. అది తెలియాలంటే పల్లె జనం మధ్య కూర్చోవాల్సిందే. పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నిబంధన అందుకే విలువైనది. తెర పాఠం చెప్పగలదు, చెవి ఒగ్గడం మాత్రం మనిషి దగ్గరే నేర్చుకోవాలి.

ఇంట్లో ఎవరికైనా వారాల తరబడి నిద్రలేకపోయినా, ఎవరితోనూ కలవకుండా ఉంటున్నా ఊరుకోవద్దు. 2022 అక్టోబరు 10న మొదలైన 'టెలీ మానస్' 14416 నంబరుకు ఉచితంగా, ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు.