గిలక ఏమి ఇచ్చును, ఏమి పుచ్చుకొనును?

సర్జాపుర అనగానే నేడు జ్ఞప్తికి వచ్చునవి మేడలు, వాటి నడుమ కదలని కార్ల బారులు. ఆనేకల్ తాలూకాలోని ఈ ఊరు ఒకప్పుడు సన్నని మస్లిన్ బట్టలకు పేరుపొందినదని మన పిల్లలకైనా చెప్పుట మంచిది. సరే, ఆ రోడ్డు ప్రక్కన లేచుచున్న మేడల వద్ద ఒక్క నిమిషము నిలిచి క్రేను కొక్కెమును చూడండి. పెద్ద బరువైనచో తాడు ఒంటి పేటగా ఉండదు. కొక్కెముతో కూడ కదిలే గిలకలను చుట్టి నాలుగు పేటలుగా వ్రేలాడును. ఒక్కొక్క పేట మోయునది నాలుగవ వంతే. అయితే కొక్కెము అడుగు లేవవలెనన్న నాలుగడుగుల తాడు చుట్టవలెను.

మన మగ్గంపై గిలక ఈ జాతిది కాదు. అది బావి గిలక వంటిది, దూలమునకు కట్టి ఉండును. దిక్కు మార్చునే గాని బరువు తగ్గించదు. 12 కిలోల బిందెకు 12 కిలోల లాగుడు తప్పదు. పైగా దూలముపై పడునది 24 కిలోలు! బిందె ఒక ప్రక్క, మన చేయి ఒక ప్రక్క లాగుచున్నవి గదా. పుచ్చిన వెదురుకు గిలక కట్టువారు ఈ లెక్క మరువరాదు.

మరి సాదా మగ్గం కాలికి అంత తేలికగా ఎట్లున్నది? గిలకకు ఇరువైపుల రెండు అచ్చులు త్రాసు తట్టలవలె వ్రేలాడును. ఒకటి దిగిన రెండవది లేచును. వాటి బరువులు ఒకదానినొకటి మోసికొనును. కాలికి మిగులునది పడుగు బిగువే.

జాకార్డుకు ఆ జోడు లేదు. కొక్కేలు, దారాలు, క్రింది ఇనుప బరువులు అన్నీ ఒకే ప్రక్క. పేక పేకకు ఆ బరువునంతా కాలే ఎత్తవలెను. సాయంత్రానికి మోకాళ్ళు ఏమగునో మనవారికి మేము చెప్పనక్కరలేదు.

క్రేనును చూచి మేమును ఒకసారి కదిలే గిలక తగిలించితిమి. 12 కిలోలు 6 అయినవి, సంతోషించితిమి. కాని బరువు 4 అంగుళాలు లేచుటకు కాలు 8 అంగుళాలు దిగవలసి వచ్చెను. గుంటలో అంత లోతేది? పడుగు సగమే విడివడి, నాడె పోగులను త్రెంచుకొనుచు పోయినది. 12ను 4తో గుణించినను, 6ను 8తో గుణించినను 48 గదా! తప్పు గిలకది కాదు, మాది.

కావున మా అభిప్రాయము, జాకార్డుకు పేటలు పెంచుట కన్న జోడు కల్పించుట మేలు. ఎత్తు బరువు 12 కిలోలైనచో, స్థిరమైన గిలక మీదుగా ఆవలి ప్రక్క 5 కిలోలు కట్టినచో కాలికి 7 చాలును, అడుగు దూరమూ పెరగదు. 12కు 12 కట్టరాదు; లేచినది మరల దిగదు. కొద్దికొద్దిగా పెంచుచు, అడుగు తీయగానే వెంటనే దిగుచున్నదా లేదా చూచుకొనవలెను. ఆ బరువు తల మీద పడని చోట, గట్టి తాటితో కట్టవలెను.

ఇక ఇరుసు. ఎండిన ఇరుసు ప్రతి అడుగులోను కొంత బలమును మ్రింగును. సన్న ఇరుసుపై తిరుగు పెద్ద గిలక తక్కువ మ్రింగును, బాల్ బేరింగుది ఇంకను తక్కువ. నూనె వేయునాడు పడుగుపై పాత గుడ్డ కప్పండి. పట్టుపై పడిన చుక్క అంత సులభముగా పోదు.