కోడిపేను పేను కాదు!

మద్నూరులో ఒక ఇంట్లో కోడిని పొదగ వేశారనుకుందాం. గంప కింద గడ్డి పరిచి, పదకొండు గుడ్లు పెట్టి, కోడిని కూర్చోబెట్టారు. ఇరవై ఒక్క రోజులు కూర్చోవలసిన ఆ కోడి పన్నెండో రోజున లేచి బయటికి వచ్చేసింది. పట్టుకొచ్చి మళ్ళీ కూర్చోబెడితే మళ్ళీ లేచింది. గుడ్లు చల్లబడిపోయాయి. అవ్వ గంప ఎత్తి, గడ్డిలో చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుంది. ఆమె చేతిమీద ఇసుక రేణువుల్లాంటివి చురుగ్గా పాకుతున్నాయి.

"కోడిపేన్లు పడ్డయి బిడ్డా! అది ఎట్ల కూసుంటది మరి?" అంది అవ్వ.

పొలాలూ పెరళ్ళూ ఉన్న ఊళ్ళో పుట్టిన పిల్లలకు ఈ కోడిపేను గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. ఒంటిమీద ఒక్కటి పాకినా రాత్రంతా దురదే! కాని, మీరెప్పుడైనా దాన్ని భూతద్దంతో చూశారా? చూసి, కాళ్ళు లెక్కపెట్టారా? లెక్కపెడితే ఆశ్చర్యపోతారు. ఎనిమిది ఉంటాయి. తలలోని పేనుకు ఉండేవి ఆరే.

రెండు కాళ్ళు ఎక్కువైతే ఏమైందని తీసిపారెయ్యకండి. ఆరు కాళ్ళు, రెండు మీసాలు, విడిగా కనిపించే తల ఉన్నది కీటకం. తలపేను అలాంటిది. ఎనిమిది కాళ్ళుండి, మీసాలు లేకుండా, తల, పొట్ట కలిసిపోయి చిన్న సంచిలా ఉంటే అది కీటకం కానే కాదు. సాలీడు, తేలు, పశువులను పట్టే పిడుదు దాని చుట్టాలు. ఇలాంటి అతి చిన్న ఎనిమిది కాళ్ళ ప్రాణులను శాస్త్రజ్ఞులు మైట్లు అంటారు. మన రైతులు వాటినే నల్లి అంటారు. మిరపకూ, పత్తికీ పట్టే నల్లి మైటే. మంచం సందుల్లో దాక్కునే నల్లి మాత్రం కీటకం! పేర్ల విషయంలో మనం ఎంత తికమక పడ్డామో చూశారా? మంచం నల్లికీ మిరప నల్లికీ ఒకే పేరు పెట్టాం, చుట్టరికం లేదు. మిరప నల్లికీ కోడిపేనుకూ చుట్టరికం ఉంది, పేరు కలవలేదు.

తికమక ఇక్కడితో అయిపోలేదు. కోళ్ళకు అసలైన పేలు కూడా ఉన్నాయి. పసుపుపచ్చగా, బల్లపరుపుగా, ఆరు కాళ్ళతో ఈకల మొదళ్ళలో పరుగెడుతుంటాయి. ఈకల పొట్టునూ, చర్మపు పొలుసులనూ కొరికి తినడమే వాటి ముఖ్యమైన పని. మనం కోడిపేను అని పిలిచేది వీటిని కాదు, నెత్తురు పీల్చే మైట్లను.

అయితే ఈ గొడవంతా అవ్వకెందుకు? ఎందుకంటే, ప్రాణి ఏదో తెలిస్తేగాని దాని చిరునామా తెలియదు. చిరునామా తెలియకపోతే మందు ఎక్కడ వెయ్యాలి?

కోళ్ళను పట్టే మైట్లలో ముఖ్యమైన మూడింటిని చూద్దాం. మొదటిది డెర్మనిసస్ గలినే. 1778లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు డి గీర్ దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. పొడవు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. కడుపు ఖాళీగా ఉంటే బూడిద రంగు, నెత్తురు తాగితే ఎరుపు. ఇది పక్కా రాత్రి దొంగ! పగలంతా గోడ పగుళ్ళలో, కర్రల సందుల్లో, గంప అల్లికలో దాక్కుంటుంది. చీకటి పడ్డాక కోడి మీదికెక్కి, తాగి, మళ్ళీ సందుల్లోకి పోతుంది. పగటిపూట కోడిని ఎంత వెతికినా ఒక్కటీ దొరకదు. కోడికి మందు రాస్తే ఏం లాభం? దొంగ ఉన్నది గోడలో! వెచ్చని రోజుల్లో గుడ్డు నుంచి పెద్ద మైటు కావడానికి వారం రోజులు చాలు. తిండి లేకపోయినా నెలల తరబడి బతకగలదు. అందుకే గూడును కొంతకాలం ఖాళీగా ఉంచినంత మాత్రాన పోదు.

రెండోది ఆర్నితోనిసస్ బర్సా. మన దేశం వంటి వేడి ప్రాంతాలది. ఇది పగలూ రాత్రీ కోడి మీదా, పొదిగే గడ్డిలోనూ కాపురముంటుంది. పగటివేళ అవ్వ చేతికెక్కినవి బహుశా ఇవే. దీని విషయంలో కోడినీ చూడాలి, గడ్డినీ తీసి తగలబెట్టాలి. మూడోది నెమిడోకాప్టిస్ మ్యూటాన్స్. ఇది కోడి కాళ్ళ పొలుసుల కింద సొరంగాలు తవ్వుకుంటుంది. కాళ్ళు సున్నం పూసినట్టు గరుకుగా ఉబ్బుతాయి.

మొదటి రెండింటినీ పోల్చుకోవడం మాటలు కాదు. చూపుకు రెండూ ఒకటే. మైటును లాక్టిక్ ఆమ్లంలో ఉంచి లోపలి మురికి కరిగేలా చేసి, తుమ్మబంక వంటి జిగురు కలిసిన ద్రవంలో గాజు పలక మీద అమర్చి, సూక్ష్మదర్శినిలో చూడాలి. డెర్మనిసస్ నోటి ముళ్ళు సూదుల్లా, కొరడాల్లా సన్నగా పొడుగ్గా ఉంటాయి. ఆర్నితోనిసస్‌వి పొట్టిగా, కొసన చిన్న కత్తెర పట్టుతో ఉంటాయి. ఆర్నితోనిసస్‌లోనే ఇంకో జాతి ఉంది, సిల్వియారం. దానికీ బర్సాకూ తేడా ఏమిటో చెప్తే నవ్వుతారు. రొమ్ము పలక మీద బర్సాకు మూడు జతల వెంట్రుకలు, సిల్వియారంకు రెండే జతలు! ఒక్క జత వెంట్రుకలతో జాతి మారిపోయింది.

ఇంత చిన్న తేడాలు పట్టించుకోవడం చాదస్తమనిపిస్తే, మన సికిందరాబాదులో జరిగిన సంగతి వినండి. 1895లో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందేమో చూద్దామని బయలుదేరాడు. దోమలను పట్టి, రోగులను కుట్టించి, ఒక్కొక్కటిగా కోసి చూశాడు. రెండేళ్ళయినా ఏమీ కనిపించలేదు. అతని కష్టంలో లోపం లేదు, దోమే తప్పు! అతను కోస్తున్న బూడిదరంగు దోమల్లోనూ, చారల దోమల్లోనూ మనుషుల మలేరియా క్రిమి పెరగదు. దోమల జాతులు అతనికి సరిగా తెలియవు. చివరకు 1897 ఆగస్టు 20న, రెక్కల మీద మచ్చలున్న దోమను కోస్తే దాని కడుపు గోడలో క్రిమి కనిపించింది. అది అనాఫిలిస్ దోమ. పేరు తెలియక రాస్ దాన్ని "మచ్చల రెక్కల దోమ" అనే రాసుకున్నాడు. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరే దారిని కనుక్కున్నాడు. అక్కడ పనికొచ్చింది, సికిందరాబాదులో పనికిరాదని తేలిన బూడిదరంగు దోమే! 1902లో అతనికి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక పక్షులకు హాని చెయ్యని మైట్ల కథ వేరు. పిచ్చుకదో, మైనాదో రాలిన రెక్క ఈకను వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. నడిమి కాడకు ఇరువైపులా, సన్నని పోగుల మధ్య, వరసలు కట్టిన ధూళి చుక్కలు కనిపిస్తే అవి ఈక మైట్లు కావచ్చు. ఇవి నెత్తురు జోలికి పోవు. ఈకలకు అంటిన బూజునూ, సూక్ష్మజీవులనూ, నూనెనూ తింటాయి. అంటే, ఈకలను శుభ్రం చేసే పనివాళ్ళన్నమాట! ఎగిరే రెక్క మీద గాలికి కొట్టుకుపోకుండా పోగుల సందుల్లో ఇమిడేలా వీటి శరీరం బల్లపరుపుగా ఉంటుంది. పక్షి ఈకలు మార్చుకునే కాలంలో, రాలబోయే ఈకను వదిలి ముందే పక్క ఈకకు వలస పోతాయి. ఏ ఈక రాలుతుందో వాటికెలా తెలుస్తుందో!

ఇప్పటికి సుమారు 2,500 జాతుల ఈక మైట్లకు పేర్లు పెట్టారు. పేరు లేనివి ఇంకా ఎన్నో ఉన్నాయి. ఒక్క ప్రొక్టోఫిల్లోడిస్ అనే ప్రజాతి మీదే అమెరికాలో అట్యో, బ్రాష్ అనే ఇద్దరు 1966లో పెద్ద గ్రంథం ప్రచురించారు. అమెరికాలో కెరొలీనా చిలుక అనే జాతి ఉండేది. పంజరంలో మిగిలిన చివరి చిలుక 1918లో సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చనిపోయింది. 2005లో శాస్త్రజ్ఞులు మ్యూజియంలో దాచిన ఆ చిలుకల చర్మాలను వెతికి, ఈకల్లో ఆరు కొత్త జాతుల మైట్లను కనుగొన్నారు. ఆ ఆరింటికీ పేరు పెట్టింది అవి బతికున్నప్పుడు కాదు!

ఇన్ని వేల జాతుల్లో ఎవరు ఎవరికి దగ్గర చుట్టాలో తేల్చడం ఎలా? ఒక పద్ధతిని మనమే చేసి చూద్దాం. నాలుగు ప్రాణులను తీసుకోండి: తలపేను, కోళ్ళ అసలు పేను, మనం కోడిపేను అంటున్న మైటు, మిరప నల్లి. అయిదు ప్రశ్నలు అడగండి. ఎదిగాక ఎనిమిది కాళ్ళుంటాయా? మీసాలున్నాయా? తల విడిగా ఉందా? పక్షి మీద బతుకుతుందా? నెత్తురే దాని ఆహారమా? అవునంటే 1, కాదంటే 0 వెయ్యండి. తలపేనుకు 0,1,1,0,1 వస్తుంది. కోళ్ళ అసలు పేనుకు 0,1,1,1,0. కోడిపేనుకు 1,0,0,1,1. మిరప నల్లికి 1,0,0,0,0.

ఇప్పుడు రెండేసి చొప్పున పోల్చండి. కోడిపేనుకూ మిరప నల్లికీ అయిదింట మూడు కలిశాయి. రెండు పేలకూ మూడు కలిశాయి. మిగిలిన ఏ జతకైనా కలిసింది ఒక్కటే. పేర్లు చెప్పని చుట్టరికం అంకెలు చెప్పాయి!

నాలుగు ప్రాణులకు ఆరు పోలికలే గనుక కాగితం చాలింది. యాభై జాతులైతే 1,225 జతలు. ఒక్కొక్క జతకు వంద లక్షణాలు చూస్తే 1,22,500 పోలికలు. ఎవరికి ఓపిక? అందుకే కంప్యూటర్లు రాగానే శాస్త్రజ్ఞులు ఈ పనిని వాటికి అప్పగించసాగారు. 1957లో మిచినర్, సోకాల్ అనేవారు తేనెటీగల మీద ఈ పద్ధతిని ప్రయోగించారు. 1967లో వేన్ మాస్ అనే శాస్త్రజ్ఞుడు ఇటువంటి లెక్కలను మన కోడిపేను కుటుంబమైన డెర్మనిసిడే మీదే చేసి చూపించాడు. హైదరాబాదులో అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో ఇ.సి.ఐ.ఎల్. సంస్థ మొదలైంది కూడా 1967లోనే. రెండేళ్ళకు, 1969లో, మన దేశంలో రూపొందిన టి.డి.సి.-12 కంప్యూటరును ఆ సంస్థ తయారుచేసింది.

కాని యంత్రానికి తెలివి లేదు. పై అయిదు ప్రశ్నలు మాని, "కోడి దగ్గర ఉంటుందా? కోడి గూట్లో దొరుకుతుందా? కోడిని బాధిస్తుందా?" అని అడిగితే, కోడిపేనూ కోళ్ళ అసలు పేనూ అన్నదమ్ములని చెప్పేస్తుంది. ప్రశ్నలు సరిగా ఉండాలి. వాటిని ముందే రాసుకోవాలి.

ఈ పాఠం అంతకు ముందే మరోచోట నేర్చుకున్నారు. అక్కడ గుర్తించవలసినవి ప్రాణులు కావు, రాడార్ తెర మీది చుక్కలు. ఒక చుక్క మనవాళ్ళ విమానమా, శత్రువుదా? కొన్నిసార్లు విమానమే కాకపోవచ్చు. 1940లలో బ్రిటన్‌లో రాడార్ తెరల మీద అంతుపట్టని చుక్కలు కనిపిస్తే, పనివాళ్ళు వాటిని సరదాగా దేవదూతలు అనేవారు. వాటిలో చాలా మటుకు పక్షులేనని తర్వాత తేలింది! 1950లలో అమెరికా తన ఆకాశానికి కాపలాగా సేజ్ అనే కంప్యూటర్ వ్యవస్థను నిర్మించింది. ఒక్కొక్క కేంద్రంలో జంట యంత్రాలు, ఒకటి పనిచేస్తుంటే మరొకటి సిద్ధంగా ఉండేది. బరువు సుమారు 250 టన్నులు! తెర మీది చుక్క దారిని, ముందుగా తెలియజేసిన విమాన ప్రయాణాల పట్టికతో సరిపోల్చేవారు. సరిపోకపోతే "తెలియనిది" అని గుర్తు పెట్టి, వెంటనే ఆరా తీసేవారు.

యంత్రం కన్నా కష్టమైంది దానికిచ్చే సూచనల పట్టీ, అంటే ప్రోగ్రాం. సూచనలు లక్ష దాకా ఉన్నాయి. ఏ ఒక్కరి బుర్రలోనూ పట్టవు. రాసేవాళ్ళేమో చాలామంది అప్పుడే పని నేర్చుకున్నవాళ్ళు. ఆ పని ఎలా నడిపించారో హెర్బర్ట్ బెనింగ్టన్ అనే ఇంజనీరు 1956లో ఒక సభలో వివరించాడు. ముందు, వ్యవస్థ ఏం చెయ్యాలో కాగితం మీద పెట్టారు. తర్వాత పనిని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు ఏం అందాలో, అది ఏం ఇవ్వాలో రాశారు. అప్పుడుగాని సూచనలు రాయలేదు. ఒక్కొక్క ముక్కనూ విడిగా పరీక్షించి, కొన్ని కలిపి పరీక్షించి, చివరికి అన్నీ కలిపి అసలు కేంద్రంలో నడిపి చూశారు. 1958లో మొదటి కేంద్రం కాపలాకు దిగింది. ఈ వ్యవస్థ 1980ల తొలినాళ్ళ దాకా పనిచేసింది.

మైట్ల శాస్త్రజ్ఞుడి పని కూడా ఇలాగే పరీక్షకు నిలవాలి. కొత్త జాతిని కనుక్కుంటే దాని పలకలూ, వెంట్రుకలూ కొలిచి వర్ణన రాస్తాడు. ఆధారంగా ఒక నమూనాను గాజు పలక మీద భద్రపరుస్తాడు. అతన్ని ఎన్నడూ చూడని మరొకరు ఆ వర్ణన పట్టుకుని, తన ఊళ్ళో దొరికిన మైటును చూసి అదే పేరుకు చేరుకోగలగాలి. చేరుకోలేకపోతే వర్ణనలో తప్పున్నట్టే.

సరే, అవ్వ గంప దగ్గరికి వద్దాం. పగలు కోడి ఈకల కింద వెతకండి. ఏమీ లేకపోతే, రాత్రి కోళ్ళు పడుకునే కర్ర సందులో తెల్ల కాగితం మడిచి గుచ్చి, ఉదయం తీసి నలపండి. ఎర్రని చారలు పడితే దొంగ డెర్మనిసస్ అనుకోవచ్చు. కోడి జోలికి పోకుండా గూటి సందులన్నీ మసిలే నీళ్ళతో కడిగించి, పశువైద్యుడు చెప్పిన మందు అక్కడ కొట్టించాలి. కోళ్ళను ముందే బయటికి తోలండి. చనిపోయిన పక్షులను మాత్రం ముట్టుకోకండి, ఈకలు పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఒకటి మరిచాను. భూతద్దంలో చూసినప్పుడు మీ కోడిపేనుకు ఆరు కాళ్ళే కనిపించవచ్చు. కంగారుపడి నన్ను తిట్టుకోకండి! గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన మైటు పిల్లకు ఆరు కాళ్ళే ఉంటాయి, ఒకసారి చర్మం విడిచాక నాలుగో జత వస్తుంది. ఆరు కనిపిస్తే, మీసాలున్నాయేమో చూడండి.